డబ్బా ముందు ఒక పేరు, వెనుక నాలుగు చిరునామాలు

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి ప్రకాశం బజారు వైపు వెళ్లే దారిలో ఒక పాత ఎలక్ట్రికల్ షాపు ఉంది. ముందు వైర్ల చుట్టలు వేలాడుతుంటాయి. లోపల బల్బులు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, ట్రిమ్మర్లు, ఒక మూల దుమ్ము పట్టిన రేడియోల గుట్ట. అద్దాల తలుపు లేదు, ఏసీ లేదు. ఇవే వస్తువులు ఫోనులో చూస్తే వందో నూటయాభయ్యో తక్కువకు దొరుకుతాయి, కాదనను. అయినా నేను ఇక్కడే కొంటాను. డబ్బా చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలన్నీ చదివేదాకా ఇక్కడ ఎవరూ తొందరపెట్టరు. నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంజెక్షన్ సీసా మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదవకుండా సూది ముట్టని అలవాటు నాది. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు.

ఈసారి మూడు వస్తువులు కొన్నాను. వంటింట్లోకి మిక్సీ, వరండాలోకి ఎల్ఈడీ బల్బులు, మావారికి గడ్డం ట్రిమ్మర్. మూడింటి మీదా ఒకే నీలిరంగు పేరు, ఫిలిప్స్. కౌంటరు దగ్గర కుర్రాడు మూడూ ఒకే సంచిలో సర్దుతూ, "అన్నీ ఒకటే కంపెనీ మేడమ్, ఏది పాడైనా దీనికే ఫోన్ చేయండి" అని బిల్లు వెనుక ఒక నంబరు రాసిచ్చాడు. ఈ షాపు మీద నా మొదటి ఫిర్యాదు అదే. ఆ మూడూ ఒకే కంపెనీవి కావు. ఆ నంబరు ట్రిమ్మర్‌కు మాత్రమే పనికొస్తుంది. మా పక్కింటి ఆవిడ బల్బు కోసం అదే నంబరుకు ఫోన్ చేసి, చాలాసేపు పాట విని, చివరకు "ఇది మాకు సంబంధం లేదమ్మా" అనిపించుకుంది. తప్పు ఫోన్ ఎత్తినవారిది కాదు, నంబరు రాసిచ్చిన షాపుది.

డబ్బాలు తిప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. బల్బు వెనుక సిగ్నిఫై ఇన్నోవేషన్స్ ఇండియా అని ఉంటుంది. మిక్సీ వెనుక వెర్సునీ ఇండియా. ట్రిమ్మర్ వెనుక మాత్రమే ఫిలిప్స్ ఇండియా. అదే పేరుతో టీవీయో హెడ్‌ఫోనో కొంటే అది టీపీవీ అనే ఆసియా కంపెనీ లెక్కలోకి వెళ్తుంది. ప్యాకెట్లో అమ్మే సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోను, ఈ-మెయిలు, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి తీరాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అవి మన కోసం పెట్టిన అక్షరాలు. ముందువైపు పెద్ద అక్షరాలు అమ్మేవాడి కోసం.

ఇలా ఎందుకైందంటే, అసలు కంపెనీ ఒక్కో వ్యాపారాన్నీ వదిలించుకుంటూ వచ్చింది. టీవీలను 2012లో టీపీవీతో పెట్టిన ఉమ్మడి సంస్థకు అప్పగించి, రెండేళ్లకు మిగిలిన వాటా కూడా ఇచ్చేసింది. స్పీకర్లు, హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని 2014లో గిటార్లు చేసే గిబ్సన్‌కు అమ్మింది. గిబ్సన్ 2018లో దివాలా తీశాక అది కూడా టీపీవీ చేతికే వెళ్లింది. బల్బుల విభాగాన్ని వేరుచేస్తున్నట్టు 2014లో ప్రకటించి, 2016లో స్టాక్ మార్కెట్లో పెట్టింది. అది 2018లో సిగ్నిఫై అని పేరు మార్చుకుంది. మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, ఎయిర్ ఫ్రయర్ల వ్యాపారం 2021లో హిల్‌హౌస్ అనే పెట్టుబడి సంస్థకు పోయింది. 2023 నుంచి దాని పేరు వెర్సునీ. పేరు వాడుకునే హక్కు పదిహేనేళ్లకు ఇచ్చారు. మన ఇళ్లలో చాలామందికి తెలిసిన ప్రీతి మిక్సీలు కూడా ఈ లెక్కలోనివే. చెన్నైకి చెందిన ప్రీతిని ఫిలిప్స్ 2011లో కొన్నది, తన మిక్సీలతో పాటు దాన్నీ అమ్మేసింది. అంటే షాపులో ప్రీతి కొనాలా, ఫిలిప్స్ కొనాలా అని తలపట్టుకునేవాళ్లు ఏది కొన్నా డబ్బు ఒకే ఇంటికి చేరుతుంది.

సరుకు సంగతి. మిక్సీ మంచిది. ఎండుమిరపకాయలు, వేయించిన పల్లీలు పొడిగా తిరుగుతాయి, పుంటికూర పచ్చడి బరకగా కావాలంటే పల్స్ వైపు రెండుసార్లు తిప్పితే చాలు. సర్వపిండికి బియ్యం మాత్రం గిర్నీలోనే పట్టించాలి, అది ఏ మిక్సీ పనీ కాదు. జారు నిండా కుక్కితే మోటారు దానంతటదే ఆగుతుంది. కింద ఒక ఎర్ర మీట ఉంటుంది, చల్లారాక దాన్ని నొక్కాలి. పాడైందనుకుని షాపుకు మోసుకొచ్చేవాళ్లలో సగం మందికి ఆ మీట సంగతి తెలియదని పెద్దాయన చెబుతాడు. గ్యారంటీ కార్డులో మోటారుకు, మిగతా భాగాలకు గడువులు వేర్వేరుగా ఉంటాయి, చదువుకోండి. బల్బుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తొమ్మిది వాట్లది వరండాకు సరిపోతుంది. పడుకునే గదికి మాత్రం పసుపురంగు వెలుగుది అడిగి తీసుకోండి, అడగకపోతే తెల్లదే ఇస్తారు. ట్రిమ్మర్ మావారికి నచ్చింది, ఆయనకు నచ్చడమే పెద్ద యోగ్యతాపత్రం.

ఇంతకీ పెద్దాయన గురించి చెప్పలేదు. షాపు యజమాని. కౌంటరు ఇప్పుడు మనవడిది, ఆయన ఉదయం పూట మాత్రమే వచ్చి మూలన రేడియోల దగ్గర కూర్చుంటాడు. లోపల గాజు గొట్టాల్లాంటి వాల్వులు ఉండే పాత రేడియోలు విప్పి నేర్చుకున్న పని. ఇసిహెచ్ 81, ఇఎల్ 84 అని వాల్వుల పేర్లు మనం మనవళ్ల పేర్లు చెప్పినంత తేలికగా చెబుతాడు. రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టిన రోజులు ఆయనకు బాగా గుర్తు. 1980లలో ఆ లైసెన్సు రద్దయ్యేదాకా రేడియో బాగుచేయడానికి తెచ్చినవాళ్లలో కొందరు దాన్ని దుప్పటిలో చుట్టి తెచ్చేవారట. "అప్పుడు డబ్బా వెనుక చూడాల్సిన పని లేదు సిస్టరమ్మా, ముందున్న పేరూ వెనుకున్న పేరూ ఒకటే" అంటాడు. ఆ మాట నిజమే. ఫిలిప్స్ 1930లో కలకత్తాలో అమ్మకాల కార్యాలయంగా మన దేశంలో అడుగుపెట్టింది. 1938లో అక్కడే బల్బుల ఫ్యాక్టరీ పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక రేడియోల తయారీ మొదలుపెట్టి, తర్వాత పుణె దగ్గర మరో రేడియో ఫ్యాక్టరీ కట్టింది. బల్బు, వాల్వు, రేడియో, అన్నీ ఒకే కొలిమిలోవి.

అసలు కొలిమి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ ఊరు. 1891లో జెరార్డ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు, అతని తండ్రి ఫ్రెడరిక్ కలిసి కార్బన్ తీగ బల్బుల తయారీ మొదలుపెట్టారు. చదువు కొడుకుది, డబ్బు తండ్రిది. వ్యాపారం మునిగే దశలో ఉన్నప్పుడు 1895లో తమ్ముడు ఆంటన్ వచ్చి చేరాడు. బల్బు ఎలా వెలుగుతుందన్నది అన్నకు తెలిస్తే, ఎవరికి అమ్మాలన్నది తమ్ముడికి తెలిసింది. 1898లో రష్యా వెళ్లి జార్ చక్రవర్తి శీతాకాల ప్రాసాదానికి యాభై వేల బల్బుల ఆర్డరు పట్టుకొచ్చాడు. టెలిగ్రాములో అంకె చూసి ఇంటివాళ్లు పొరపాటు అనుకున్నారని, మళ్లీ అడిగి రూఢి చేసుకున్నారని చెబుతారు.

ఈ ఫ్రెడరిక్ తండ్రి లయన్ ఫిలిప్స్, జాల్ట్‌బోమెల్ ఊళ్లో పొగాకు వ్యాపారి. ఆయన భార్య సోఫీ, కార్ల్ మార్క్స్ తల్లికి చెల్లెలు. మార్క్స్ ఆ ఇంటికి వెళ్లి రోజుల తరబడి ఉండేవాడు, డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు లయన్ దగ్గర తీసుకునేవాడు కూడా. సాయుధ పోరాటం చూసిన జిల్లా మాది. పెద్దాయన తండ్రి ఆ రోజుల్లో దళాలకు అన్నం మోసినవాడట. ఈ చుట్టరికం చెప్పినప్పుడు ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "అయితే మేం ఇన్నాళ్లూ మనవాళ్ల రేడియోలే బాగుచేశామన్నమాట" అని పగలబడి నవ్వాడు.

కొత్తది కనిపెట్టడంలో ఈ కంపెనీకి వంక పెట్టలేం. 1914లోనే సొంత పరిశోధనశాల పెట్టుకుంది. తిరిగే బ్లేడ్ల షేవరు 1939లో దాని నుంచే వచ్చింది. మావారి ట్రిమ్మర్ దానికి దూరపు చుట్టం, దీని బ్లేడు తిరగదు, అటూ ఇటూ కదులుతుంది. 1963లో లూ ఒటెన్స్ బృందం తయారుచేసిన టేపు క్యాసెట్టును బెర్లిన్ ప్రదర్శనలో పెట్టారు. పేటెంటు రుసుము లేకుండా ఇతర కంపెనీలకు హక్కులిచ్చారు కాబట్టే అది ప్రపంచమంతా పాకింది, మన దాకా వచ్చి పెళ్లి మైకుసెట్లలో, ట్రాక్టర్లలో, జాతరల్లో జానపదాలు పాడింది. సోనీతో కలిసి 1982లో సీడీ తెచ్చింది కూడా వీళ్లే. అమ్ముకోవడంలో మాత్రం ఆంటన్ తర్వాత ఆ చురుకు తగ్గినట్టుంది. వీడియో క్యాసెట్టులో వీళ్ల వీడియో 2000 పద్ధతి వీహెచ్ఎస్ ముందు నిలవలేదు. 1990లో నష్టాలు ముంచెత్తితే యాన్ టిమ్మర్ అనే కొత్త అధిపతి దాదాపు యాభై వేల ఉద్యోగాలు కోశాడు. ఇక 1984లో ఐండ్‌హోవెన్‌లో ఒక షెడ్డులో, మరో కంపెనీతో కలిసి మొదలుపెట్టిన ఏఎస్ఎంఎల్ ఇవాళ చిప్పుల తయారీ యంత్రాల్లో ప్రపంచంలోనే మొదటిది. తైవాన్ చిప్పుల దిగ్గజం టీఎస్ఎంసీ 1987లో పుట్టినప్పుడు అందులో 27.5 శాతం వాటా కూడా ఫిలిప్స్‌దే. రెంటినీ అమ్మేసుకుంది. నా దగ్గర అంత డబ్బు లేదు కాబట్టి ఉచిత సలహా ఇవ్వడం సులువే, అయినా పొలం అమ్మి పెళ్లి చేసినవాళ్లను మన ఊళ్లలో చాలామందిని చూశాను.

అమ్మిన డబ్బుతో ఏం కొన్నది? ఆ జవాబు బజారులో దొరకదు, ఆసుపత్రిలో దొరుకుతుంది. నేను హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్న రోజుల్లో పడకల దగ్గరి మానిటర్ల మీద హ్యూలెట్ ప్యాకర్డ్ అని ఉండేది. కొంతకాలానికి కొత్తగా వచ్చినవాటి మీద ఎజిలెంట్ అని వచ్చింది. తర్వాత ఫిలిప్స్. హ్యూలెట్ ప్యాకర్డ్ 1999లో తన వైద్య పరికరాల విభాగాన్ని ఎజిలెంట్‌గా వేరుచేసిన కంపెనీలో పెట్టింది, 2001లో ఫిలిప్స్ ఆ విభాగాన్ని కొన్నది. మాకు తేడా ఏమీ తెలియలేదు. అవే తీగలు, అదే పద్ధతి, నేర్పేవాళ్లూ వాళ్లే. అక్కడ మిషన్ అలాగే ఉండి పేరు మారింది. ఇక్కడ ప్రకాశం బజారులో పేరు అలాగే ఉండి దాని వెనుక మనుషులు మారిపోయారు. కుర్రాడికి ఇది ఓపికగా చెప్పాను, అర్థమైనట్టే తలూపాడు.

నర్సుగా ఆ మానిటర్లకు నేను మంచి మార్కులే వేస్తాను. మూడు నక్షత్రాలతో ఎర్రగా మోగితే ప్రాణం మీదికి వచ్చిందని, పరుగెత్తాలి. రెండు నక్షత్రాలతో పసుపు అయితే చూడాలి. లేత నీలం వస్తే రోగికి ఏమీ కాలేదు, తీగ ఊడింది. రాత్రి డ్యూటీలో కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఆ మూడింటి తేడా రంగులోనూ శబ్దంలోనూ తెలియడం చాలా పెద్ద సాయం. ఎడాపెడా ఒకేలా మోగే మిషన్లతోనూ పనిచేశాను. కాసేపటికి ఆ మోత చెవికి ఎక్కడం మానేస్తుంది, అది అన్నింటికంటే ప్రమాదం.

వైద్యం వీళ్లకు కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి ఎక్స్‌రే ట్యూబులు రావడం ఆగిపోతే, గాజు పని తెలిసిన బల్బుల ఫ్యాక్టరీ కాబట్టి పాడైన ట్యూబులు వీళ్ల దగ్గరికి బాగుచేయడానికి వచ్చాయి. 1918 నాటికి సొంతంగా చేయడం మొదలుపెట్టి, 1927లో హాంబర్గ్‌లోని ముల్లర్ ఎక్స్‌రే కంపెనీని కొన్నారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను చూసిన జిల్లాలో ఎక్స్‌రే ఫిల్మ్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. అల్ట్రాసౌండ్ కోసం 1998లో అమెరికాలోని ఏటీఎల్‌ను, సీటీ స్కాన్ కోసం 2001లో మార్కోనీ మెడికల్‌ను కొన్నారు. ఇటీవలి సరుకులో నాకు నచ్చింది ఎమ్మారై. మామూలు ఎమ్మారై అయస్కాంతాన్ని చల్లగా ఉంచడానికి దాదాపు 1,500 లీటర్ల ద్రవ హీలియం కావాలి. 2018లో వీళ్లు తెచ్చిన దానికి ఏడు లీటర్లు చాలు, అదీ ఫ్యాక్టరీలోనే పోసి సీలు వేస్తారు. హీలియం మొత్తం దిగుమతి చేసుకునే దేశానికి, జిల్లా ఆసుపత్రులకు ఇలాంటిదే కావాలి.

ఇప్పుడు చేదు మాట. 2008లో ఐదు వందల కోట్ల డాలర్లకు పైగా పోసి రెస్పిరానిక్స్ అనే అమెరికా కంపెనీని కొన్నారు. నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకు ముక్కు మీద మాస్కు పెట్టి గాలి అందించే సీప్యాప్, బైప్యాప్ మిషన్లు దాని సరుకు. మిషన్ చప్పుడు తగ్గించడానికి లోపల పాలియురెథేన్ ఫోమ్ పెట్టారు. గాలి ఆ ఫోమ్ పక్క నుంచే వస్తుంది. వేడికి, తేమకు అది పొడిపొడిగా రాలుతుందని, ఆ పొడి, దాని నుంచి వచ్చే వాయువులు రోగి ఊపిరిలోకి వెళ్లవచ్చని 2021 జూన్‌లో కంపెనీయే ప్రకటించి మిషన్లను వెనక్కి పిలిచింది. మొత్తం దాదాపు 55 లక్షలు. ఫోమ్ గురించి కంపెనీకి అంతకు కొన్నేళ్ల ముందే తెలుసని అమెరికా నియంత్రణ సంస్థ తనిఖీలో తేలింది. 2022లో అధిపతి మారాడు, కొన్ని నెలల వ్యవధిలో పది వేల ఉద్యోగాలు తీసేస్తామన్నారు, 2024లో అమెరికా బాధితులకు 110 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. షరతులన్నీ నెరవేర్చేదాకా అక్కడ కొత్త నిద్ర మిషన్లు అమ్మకూడదని కోర్టు ఉత్తర్వు.

మావారు రాత్రిళ్లు ఇలాంటి మిషనే వాడతారు, వేరే కంపెనీది. కాబట్టి ఈ వార్త నేను పేపరులో చదివి పక్కన పెట్టేయలేదు. మాస్కు పెట్టుకున్న మనిషి నిద్రపోతాడు, ఏం పీలుస్తున్నాడో తనకు తెలియదు. మంచి మానిటర్ చేసిన చేతుల మీద నాకున్న గౌరవం ఈ ఫోమ్ ముక్కను మాఫీ చేయదు. రోగి ఫిర్యాదు వచ్చిన రోజే రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలని మాకు నేర్పిన పాఠం అంత పెద్ద కంపెనీకి ఎవరూ చెప్పకపోవడం విడ్డూరం. మీ ఇంట్లో ఎవరికైనా పాత నిద్ర మిషన్ ఉంటే, లేదా అద్దెకు తెచ్చుకుంటుంటే, అడుగున ఉన్న మోడల్ పేరు, సీరియల్ నంబరు చూసి కంపెనీ వెబ్‌సైటులో సరిపోల్చుకోండి. దాన్ని చూసి భయపడి మీ అంతట మీరు మిషన్ ఆపేయకండి, ముందు డాక్టరును అడగండి.

షాపు దగ్గరికి వస్తే, ఐదుకు నేను నాలుగు ఇస్తాను. జీఎస్టీ బిల్లు అడక్కముందే ఇస్తారు. బల్బు అక్కడే వెలిగించి చూపిస్తారు, మిక్సీ కూడా తిప్పి చూపిస్తారు. జారు బుష్, కప్లింగ్, రబ్బరు వాషరు విడిగా దొరుకుతాయి, సైజు తెలియకపోతే పాత ముక్క పట్టుకెళ్లండి. తగ్గించిన ఒకటి ఆ ఫోన్ నంబరు వ్యవహారానికి. మళ్లీ వెళ్లినప్పుడు కుర్రాడు బిల్లు మీద ఒక్కో వస్తువు పక్కన దాని డబ్బా మీది నంబరే రాస్తున్నాడు, పెద్దాయన చెప్పి ఉంటాడు. ఇలాగే కొనసాగితే ఆ ఒక్కటీ కలుపుతాను. టీవీకి ఈ షాపు వద్దు, పెట్టుకునే చోటు లేక ఒకటో రెండో ఉంచుతారు, ఎంచుకోవడానికి ఉండదు. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరిచి ఉంటుంది. పాత రేడియో బాగుచేయించాలంటే పది గంటల లోపు వెళ్లండి, సెల్లులు మీరే తెచ్చుకోవాలి, వాల్వు సెట్టయితే ఎన్ని రోజులు పడుతుందని మాత్రం ఆయన్ను అడగవద్దు.